కొండెంగ ఆఖరి రీలు

సినిమా ఆపరేటర్ల లైసెన్సు అధికారి గారి సముఖానికి.

ఈ నివేదన ఎవరి తరఫున సమర్పిస్తున్నానో ఆ వ్యక్తి పేరు ఆవునూరి పర్శరాములు. తండ్రి కీర్తిశేషులు మల్లన్న. వయస్సు యాభై ఒక్క సంవత్సరాలు. నివాసం శ్రీరాంపూర్, గని కార్మికుల క్వార్టర్ల వెనుక. నేను అతనిని ఇరవై ఏడు సంవత్సరాలుగా ఎరుగుదును. అందులో కడపటి పద్దెనిమిది సంవత్సరాలు అతడు లైసెన్సు లేని ఆపరేటరు. ఆ లైసెన్సు రద్దుకు కారణమైన ఫిర్యాదు నా చేతివ్రాత. విచారణలో అతనికి వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చిన నలభై ఒక్క మందిలో తొమ్మిదవ సాక్షిని కూడా నేనే. కనుక ఇది కేవలం ఒకరి గుణగణాలను తెలిపే పత్రంగా కాక, నేను పూర్వం సంతకం చేసిన దానికి సవరణగా కూడా స్వీకరించవలెనని కోరుతున్నాను.

సాధారణంగా ఇటువంటి పత్రాలలో సదరు వ్యక్తి శాంత స్వభావుడని, ఎవరిపైనా ద్వేషం లేనివాడని వ్రాయడం రివాజు. నేను ముప్పై నాలుగు సంవత్సరాలు తాలూకా కచేరీలో నకలు గుమాస్తాగా ఆ వాక్యాన్ని వందలసార్లు వ్రాశాను. ఈ పత్రంలో వ్రాయడం లేదు. పర్శరాములే వద్దన్నాడు.

"సారూ, నాకు పగ లేదని మాత్రం రాయకుండ్రి. ఉన్నది. గదొక్కటే పురాగ నాది."

జరిగినది వరుసగా విన్నవిస్తాను.

వెయ్యిన్ని తొమ్మిది వందల అరవై తొమ్మిదవ సంవత్సరం ఎండాకాలం. ఉద్యమం వల్ల బడులు మూతపడి, పిల్లలూ పెద్దలూ ఊళ్లలో ఖాళీగా ఉన్న రోజులు. లక్సెట్టిపేట శివారులో మధుసూదన్‌రావు దొర గారి టూరింగ్ టాకీసు డేరా వెలిసింది. దొర గారికి భూములతో పాటు సినిమా సరదా కూడా ఉండేది. ఆయన తెప్పించిన బొమ్మ ఒక పాత ఇంగ్లీషు చిత్రం. నలుపు తెలుపులది. ఎక్కడో సముద్రం నడుమ దీవిలో తాటిచెట్టంత ఎత్తున్న వానరం ఉంటుంది. ఒక వ్యాపారి దానికి మత్తు పెట్టి, గొలుసులు వేసి, ఓడలో పట్నానికి తెచ్చి, టికెట్టు పెట్టి చూపిస్తాడు. అది గొలుసులు తెంపుకుని పట్నం మీద పడుతుంది. మా వైపు జనం దానిని కొండెంగ అన్నారు. చిత్రం అసలు పేరు ఎవరి నోటా తిరగలేదు.

ఇంగ్లీషు మాటలు ఎవరికీ అర్థం కావు గనుక, తెర పక్కన మైకు పట్టుకుని కథ చెప్పే మనిషి ఒకడుండేవాడు. అతడే పర్శరాములు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఆటకు ముందే రీళ్లన్నీ వేయించి చూసి కథ అల్లుకునేవాడు. పెట్టెలోని రీళ్లను వరుసగా అందించడం కూడా అతని పనే. ప్రొజెక్టరు ఒక్కటే గనుక ప్రతి రీలుకూ ఆట ఆగేది, దీపం వెలిగేది. ఆపరేటరు కైలాసం. జనరేటరు మోత పక్కన ఇరవై ఏళ్లు కూర్చుని చెవులు పోగొట్టుకున్న పెద్దమనిషి. చేతికి ఏ రీలు అందిస్తే ఆ రీలు ఎక్కించేవాడు.

మొదటి రోజు ఆటకు నేను వెళ్లాను. ముందు నేల మీద జనం, వెనుక కుర్చీలలో దొర గారు, వారి చుట్టాలు. కొండెంగకు గొలుసులు వేసి వేదిక మీద నిలబెట్టిన ఘట్టం వచ్చింది. పర్శరాములు గొంతు మైకులో వినిపించింది.

"అగో, సూడుండ్రి! వాని అడివిల వాడు రాజు. వాని తిండి వాడు తినెటోన్ని మత్తువెట్టి పట్టుకచ్చిండు గీ దొర. గొలుసులేసి, టికెట్ వెట్టి, మంది ముందల నిలవెట్టిండు. గిదేం మొగతనమే? గిదే దొరతనం!"

చిత్రంలో ఉన్నవాడు వ్యాపారి. దొర అన్నది పర్శరాములు సొంత మాట. నేల మీద జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగి కుర్చీల వైపు చూసి నవ్వారు. దొర గారి బావమరిది కూడా నవ్వాడు. దొర గారు లేచి ఆనాటి ఆటను అక్కడికే ఆపించారు. జనం నవ్వును దొర గారు సహించేవారేమో గాని, బావమరిది నవ్వును సహించలేదని తరువాత అందరూ అనుకున్నారు.

మరునాడు లక్సెట్టిపేట అంగడి. దొర గారు డేరా ముందు పర్శరాములును పిలిపించారు. అక్కడ ప్రచారం కోసం రెండు నల్ల గొంగళ్లతో కుట్టించిన కొండెంగ వేషం, బొమ్మలవాడు కాగితం గుజ్జుతో చేసిన మొగం, ఇనుప గొలుసు ఉన్నాయి. ఆ వేషం వేయవలసిన కూలి మనిషిని దొర గారు ఇంటికి పంపేశారు.

"కొండెంగ మీద గంత పాణమున్నోనివి, ఇయ్యాల నువ్వే కొండెంగవు" అన్నారు. "ఒక్కటి యాదిల వెట్టుకో. కొండెంగ మాట్లాడది. నోట్లెకెల్లి ఒక్క మాటొచ్చిందో, రేపటి సంది నీ అవ్వకు అంగట్ల కూసునే జాగ ఉండది."

పర్శరాములు తల్లి కిష్టవ్వ అంగడిలో ఉల్లిగడ్డలు, వంకాయలు అమ్మేది. ఆ జాగా దొర గారి స్థలంలోనిది.

ఎడ్లబండి మీద కొయ్యకు గొలుసు కట్టి, ఆ గొలుసు రెండో కొస అతని మెడకు వేసి, డప్పు ముందు నడుస్తుండగా అంగడి చుట్టూ మూడుసార్లు తిప్పారు. మే నెల ఎండ. నల్ల గొంగళ్లు. పిల్లలు పల్లికాయ పొట్టు, మామిడి టెంకలు విసిరారు. ఒకడు కర్రతో పొడిచి, "అరువురా కొండెంగా!" అన్నాడు. కొండెంగ అరవలేదు. నేను కచేరీ నుండి కాగితం దస్తాలు కొనడానికి వచ్చి ఇది కళ్లారా చూశాను. లోపల ఉన్నది పర్శరాములని నాకూ తెలియదు.

అంగడి జనంలో తెలిసినది ఒక్క కిష్టవ్వకే. రెండో చుట్టులో బండి ఆమె గంప ముందు ఆగింది. వేషానికి పాదాలు లేవు. కుడి పాదం చిటికెన వేలు బండి చక్రం కింద పడి పోయిన పాదాన్ని ఆమె చూసింది. పేరు పెట్టి పిలవలేదు. చెంబుతో లేచి వచ్చి, కాగితపు మొగం దవడ పైకెత్తి, నీళ్లు లోపలికి పోసింది. తరువాత గొలుసు పట్టుకున్న జీతగానితో మెల్లగా అన్నది.

"జర వదులు సెయ్యి బిడ్డా. మెడ కొట్టుకపోతుంది."

"కొండెంగకు మెడ నొస్తదా అవ్వా?" అని జీతగాడు నవ్వాడు.

"దానికి గుడ అవ్వ ఉంటది గదా" అని ఆమె తన గంప దగ్గరకు వెళ్లి కూర్చున్నది.

ఆ సాయంత్రం ఆటకు కథ చెప్పినది మళ్లీ పర్శరాములే. ఆ ఆటకూ నేను వెళ్లాను. దొర గారు ఆ ఒక్క పనికీ వేరే మనిషిని చూసుకోలేదు. కాని తెర వెనుక జరిగినది నాకు పోయిన నెల దాకా తెలియదు. తెలిసిన వెంటనే చెప్పడం ధర్మం గనుక వరుసలోనే చెబుతున్నాను.

ఆ చిత్రానికి రీళ్లు పదకొండు. పదవ రీలు కొండెంగ గొలుసులు తెంపుకుని, పట్నం జనమంతా పరుగులు తీయడంతో ముగుస్తుంది. పదకొండవ రీలులో అది ఎత్తయిన మేడ ఎక్కుతుంది. విమానాలు తుపాకులతో కాలుస్తాయి. కింద పడి చనిపోతుంది. పదవ రీలు పూర్తయి దీపం వెలిగినప్పుడు పర్శరాములు పదకొండవ రీలును పెట్టెలోనే ఉంచి మూత వేశాడు. మైకు తీసుకున్నాడు.

"గొలుసు తెంపుకున్నడు. పట్నం పట్నమే ఉరికింది. ఇగ వానికి అడ్డం లేదు, ఆపు లేదు. కొండెంగ గెలిచింది! ఆట ఖతం. ఇండ్లకు పోండ్రి."

జనం ఈలలు వేసి లేచారు. కైలాసం చెవిటివాడే గాని గుడ్డివాడు కాడు. పెట్టెలో మిగిలిన రీలును చూశాడు. పర్శరాములు మెడ మీది గొలుసు ఒరుపును చూశాడు. చేయి చాపి మిషను ఆపేశాడు.

ఎందుకు చేశావని నేను పర్శరాములును అడిగాను. "పొద్దంత నేనే కొండెంగనైతి సారూ. పొద్దుగూకినంక నా నోటితోని నన్నే సంపుకోవాల్నా?" అన్నాడు.

అప్పటికి అది దుఃఖమే. పగగా మారినది మరో వారానికి. డేరా జన్నారం వైపు కదిలింది. ఊరూరా పర్శరాములు పది రీళ్లే అందించాడు. దొర గారికి సగం ఆట కాగానే చుట్టాలతో లేచి భోజనానికి వెళ్లడం అలవాటు. తన బొమ్మను తాను ఏనాడూ కడదాకా చూడలేదు. ఒకనాడు బండి ఎక్కుతూ అడిగారు.

"ఆఖర్ల ఏమైతదిరా గా కొండెంగ?"

"గెలుస్తది దొరా."

"గెలిస్తే మంచిదే. మంది మళ్లొస్తరు."

బండి వెళ్లిపోయింది. చిత్రం ఆఖరు ఈయనకు తెలియదన్న సంగతి పర్శరాములుకు అప్పుడు బోధపడింది. "చేతికి కత్తి దొరికినట్లైంది సారూ. ఏడ పొడవాల్నో తెల్వక తొమ్మిదేండ్లు దాసిపెట్టిన" అన్నాడు.

ఆ తొమ్మిది సంవత్సరాలూ అతడు దొర గారి కొలువులోనే ఉన్నాడని తమరు గమనించ ప్రార్థన. ఒక్క రోజు నాగా పెట్టలేదు. ఒక్క రీలు కాలనివ్వలేదు. కైలాసం కాలం చేసిన తరువాత, వెయ్యిన్ని తొమ్మిది వందల డెబ్బై నాలుగులో పరీక్ష వ్రాసి ఆపరేటరు లైసెన్సు పొందాడు. ఆ దరఖాస్తు మీద యోగ్యుడని సంతకం చేసినవారు దొర గారే. "ఒక్కసారి గొలుసేస్తే సాలు, జన్మంత దారిల ఉంటరు" అని ఆయన అతిథులతో అనేవారు. పర్శరాములు పక్కనే నిలబడి వినేవాడు.

డెబ్బై ఎనిమిదిలో దొర గారు శ్రీరాంపూర్‌లో పక్కా థియేటరు కట్టారు. గనుల వల్ల జనం పెరిగిన చోటు. సరిగ్గా అప్పుడే ఆ పాత కథను రంగులలో మళ్లీ తీసిన చిత్రం మా జిల్లాల వైపు వస్తున్నదని తెలిసింది. ప్రారంభోత్సవానికి అదే వేయాలని దొర గారు నిశ్చయించారు. కాని మంచిర్యాల వైపు నుండి ఒక వదంతి బయలుదేరింది. హైదరాబాదులో చూసి వచ్చినవారెవరో, ఈ రంగుల చిత్రంలో కొండెంగ చచ్చిపోతుందని చెప్పారట. డేరాలో దాని గెలుపు చూసి ఎదిగిన గని కార్మికులు, చచ్చేటట్లయితే పిల్లలను తీసుకురామని మొండికేశారు.

దొర గారు నవ్వారు. "రామాయణం ఎన్నిసార్ల ఆడితే ఏంది, రావణుడే సస్తడు. గిది గుడ గంతే. కథ ఒక్కటే, కొండెంగనే గెలుస్తది." అని పర్శరాములు వైపు తిరిగి, "మందిని నమ్మించాలంటే ఏం జెయ్యాల్నో చెప్పురా, నీకు వాళ్ల భాష ఎరుక" అన్నారు.

"కరపత్రం ఎయ్యిండ్రి దొరా. గా గొలుసు మీద ఒట్టు వెట్టుండ్రి. గా గొలుసు అందరికి యాదికున్నది."

ఆ కరపత్రం చిత్తుప్రతిని నా వద్దకు తెచ్చారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని కచేరీ వేళలు దాటాక చాలామంది ఇటువంటి పనులకు వచ్చేవారు. నేను తీసిన శుద్ధప్రతిలోని వాక్యం నాకిప్పటికీ కంఠస్థం. "చిత్రాంతమున కొండెంగ మరణించిన యెడల, యజమానినైన నేను పూర్వము ప్రచారమునకు వాడిన గొలుసునే నా మెడలో ధరించి థియేటరు నుండి బస్సుల అడ్డా వరకు కాలినడకన పోగలవాడను." కింద మధుసూదన్‌రావు గారి సంతకం. అందులో నాకు వింత ఏమీ తోచలేదు. నేను కూడా డేరాలో చూసినవాడినే.

ఫిల్మ్ పెట్టె వచ్చిన రోజు ఉదయం పర్శరాములు ఒక్కడే ఖాళీ హాలులో అన్ని రీళ్లూ వేసి పరీక్షించుకున్నాడు. కొండెంగ చచ్చిపోవడం చూశాడు. దొర గారు మెట్ల మీద ఎదురై అడిగారు.

"అంత మంచిదేనారా?"

"రీళ్లన్ని సక్కగున్నయ్ దొరా. ఒక్కటి తక్కువ లేదు."

అది అక్షరాలా నిజమని తమరికి మనవి చేస్తున్నాను.

మధ్యాహ్నం మొదటి ఆట. హాలు నిండింది. ప్రారంభోత్సవం గనుక దొర గారు ఆనాడు కుర్చీ వదలకుండా కూర్చున్నారు. పర్శరాములు పై గదిలో నుండి ఏ రీలునూ ఆపలేదు, ఏ రీలునూ దాచలేదు. కొండెంగ మేడ ఎక్కింది. తుపాకులు మోగాయి. పడింది. లేస్తుందని అందరూ ఎదురు చూశారు. లేవలేదు. దీపాలు వెలిగాయి. ఎక్కడో ఒక ఆడపిల్ల ఏడుపు వినిపించింది. అప్పుడు హనుమంతు అనే గని కార్మికుడు కరపత్రం పైకెత్తి లేచాడు.

"దొరా! కొండెంగ సచ్చిపాయె. గొలుసేది?"

"కూసో! ఇంకా ఉన్నది బొమ్మ!" అని దొర గారు కేక వేశారు. "పర్శరాములూ! ఆఖరి రీలెయ్యిరా!"

పై గది కిటికీలో పర్శరాములు ముఖం కనిపించింది. "గదే ఆఖరి రీలు దొరా."

"గొలుసు! గొలుసు!" అని హాలంతా ఒకే గొంతుతో అరవసాగింది. దొర గారు పక్క తలుపు గుండా బయటపడబోయారు. పర్శరాములు అప్పటికే మెట్లు దిగి ఆ తలుపు వద్ద నిలబడి ఉన్నాడు. చేతిలో గొలుసు. నూనె పెట్టి తుడిచి, తుప్పు లేకుండా ఉంచాడు.

"గిది మీదే దొరా. పైలంగ దాసిన."

ఎవరూ దొర గారి మీద చేయి వేయలేదు. వేయవలసిన పని లేకపోయింది. కరపత్రం మీద సంతకం ఆయనదే. వందల మంది చేతులలో అది ఉంది. ఆయనే గొలుసు తీసుకుని మెడలో వేసుకున్నారు. థియేటరు నుండి బస్సుల అడ్డాకు సుమారు ఆరు వందల అడుగులు. అదీ మే నెల ఎండే. జనం రెండు వరుసలుగా నిలబడ్డారు. ఎవరూ ఏమీ విసరలేదు. అందరూ చూశారు, అంతే. సగం దారిలో కిష్టవ్వ చెంబుతో నిలబడి ఉంది. దొర గారు ఆగారు. ఆయన నోరు ఎండిపోయి ఉంది.

"జర నీళ్లియ్యి" అన్నారు.

కిష్టవ్వ చెంబులోకి చూసుకున్నది. "గివి కొండెంగకు దెచ్చిన నీళ్లు దొరా. సచ్చిపాయెనంటిరి గదా" అని, చెంబును తలకిందులుగా వంచి ఆయన పాదాల ముందు మట్టిలో పోసింది.

వారం తిరగకుండా దొర గారు నన్ను ఇంటికి పిలిపించి ఫిర్యాదు చెప్పి వ్రాయించారు. ఆపరేటరు పర్శరాములు యజమానిపై కక్షతో అసలు ఆఖరి రీలును తొలగించి, ఎక్కడినుండో తెచ్చిన చావు రీలును అతికించి ప్రదర్శించాడని దాని సారాంశం. నేను నమ్మి వ్రాశాను. సాక్షులు కావాలంటే నలభై ఒక్క మంది దొరికారు. ఎవరూ అబద్ధమాడలేదు. లక్సెట్టిపేట, జన్నారం, ధర్మపురి వైపు డేరాలో చూసిన ప్రతివాడూ కొండెంగ గెలిచిందని ప్రమాణపూర్వకంగా చెప్పాడు. నేనూ చెప్పాను. విచారణ జరిపిన అధికారి చదువుకునే రోజులలో మా డేరాలోనే చూశారట. ఆయన కూడా తల ఊపారు. గొలుసు అడిగిన హనుమంతు సహితం, చావు రీలు అతికించినది మాత్రం తప్పేనన్నాడు.

పర్శరాములును రెండు ప్రశ్నలు అడిగారు.

"ఈ ఆఖరి రీలు ఎక్కడిది?"

"పెట్టెల వచ్చింది సార్."

"మరి డేరాలో కొండెంగ చావలేదు గదా?"

అతడు మాట్లాడలేదు. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ నేల చూశాడు. మౌనాన్ని ఒప్పుకోలుగా వ్రాసుకున్నారు. లైసెన్సు రద్దయింది.

ఆనాడు అతడు, డేరాలో పదకొండవ రీలు నేనే దాచానని ఒక్క మాట అని ఉంటే లైసెన్సు నిలిచేది. కాని ఆ మాటతో దొర గారు నౌకరు చేతిలో మోసపోయిన అమాయకుడయ్యేవారు. ఊరంతా ఆయనను చూసి జాలిపడేది. పర్శరాములు ఆయనకు ఆ జాలి దక్కనివ్వలేదు. తన కూడు పోతుందని తెలిసే ఇవ్వలేదు.

దాని వెల ఏమిటో కూడా దాచకుండా వ్రాయాలి. అతడు గోడలకు పోస్టర్లు అంటించాడు. రైలు వ్యాగన్ల కింద బొగ్గు ఏరాడు. వీడియో హాలు ఊడ్చాడు. భార్య భూమవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. పెద్ద బిడ్డ ఐదో తరగతితో బడి మాని తల్లి పక్కన బీడీల చాట ముందు కూర్చుంది. కిష్టవ్వ ఎనభై నాలుగులో చనిపోయింది. ఒకసారి భూమవ్వ నా ఎదుటనే మొగుణ్ణి నిలదీసింది.

"ఏదో ఒక్క మాట చెప్తే లైసన్ వస్తదని అందరంటుండ్రు. గా మాటేందో నాకొద్దు. గది పిల్లల బువ్వ కన్న ఎక్కువనా?"

"ఎక్కువనే" అన్నాడు పర్శరాములు.

ఆమె బీడీల చాట ఎత్తి అతని ముందు బోర్లించి బయటికి వెళ్లిపోయింది. అతడు పొద్దు గూకే దాకా కూర్చుని తంబాకు ఏరాడు.

దొర గారు కూడా సుఖంగా లేరు. థియేటరు నడుస్తూనే ఉంది, భూములు ఉన్నాయి, కాని ఆ చావు రీలు ఆయనను వదలలేదు. ఆ కథను ఎవరు ఎప్పుడు మళ్లీ తీసినా, కరీంనగర్‌లో ఆడినా, వరంగల్‌లో ఆడినా, కారు కట్టించుకుని వెళ్లి ఆఖరి దాకా కూర్చునేవారు. పాత నలుపు తెలుపుల బొమ్మ ఒకసారి హైదరాబాదులో వేస్తే అక్కడికీ వెళ్లారు. ప్రతిసారీ కొండెంగ చచ్చిపోయింది. తిరిగి వచ్చి, "వాడు అన్ని పెట్టెలల్ల అతికిచ్చిండు" అనేవారట. కొడుకు రాజేశ్వర్‌రావు గారు వైద్యులకు చూపించారు. పర్శరాములు ఈ కబుర్లు విని నవ్వేవాడు కాడు. "ఇంకోపారి తీసిండ్రట సారూ" అని మాత్రం నాకు చెప్పేవాడు.

పోయిన సంవత్సరం చలికాలంలో రాజేశ్వర్‌రావు గారు కారు పంపి పర్శరాములును కరీంనగర్‌లోని ఇంటికి పిలిపించారు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. దొర గారు మంచం మీద ఎముకల గూడుగా ఉన్నారు. రాజేశ్వర్‌రావు గారు వరండాలోనే పర్శరాములు చేయి పట్టుకున్నారు.

"బాపు ఒక్కటే అడుగుతుండు. ఉన్నదున్నట్లు చెప్పు. నీ లైసెన్సు వాపస్ ఇమ్మని నేనే రాసిస్త. రేపే. మా థియేటర్ల నౌకరి గుడ నీదే."

లోపలికి వెళ్లాము. దొర గారు అతనిని గుర్తు పట్టారు. గొంతు సన్నగా వచ్చింది.

"పర్శరాములూ... ఇగ నాకు కోపం లేదు. ఫికర్ జెయ్యకు. ఒక్క మాట చెప్పు. గా రీలు ఏడికెల్లి తెచ్చినవ్రా?"

పర్శరాములు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నాకు అతని మెడ కనిపిస్తోంది. వాకిట్లో రాజేశ్వర్‌రావు గారు నిలబడి ఉన్నారు. అతని లైసెన్సు, భూమవ్వ చాట, బిడ్డ పెండ్లి, అన్నీ ఆ ఒక్క మాట వద్ద ఆగి ఉన్నాయి. చెప్పేస్తాడనే నేను అనుకున్నాను. అతడు ముందుకు వంగి, దొర గారి చెవి వద్ద, మర్యాదగానే అన్నాడు.

"కొండెంగ మాట్లాడది దొరా. మీరే చెప్పిండ్రు గదా."

లేచి వచ్చేశాడు. మేము బస్సులోనే తిరిగి వచ్చాము. తొమ్మిదవ రోజున దొర గారు కాలం చేశారు.

పోయిన నెల పర్శరాములు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "సంవత్సరీకం గుడ ఐపోయింది సారూ. ఇగ ఆయనకు ఇనవడది. ఇప్పుడు రాయుండ్రి" అని, డేరాలో పది రీళ్ల సంగతి మొదటిసారి చెప్పాడు. నా సాక్ష్యం అబద్ధం కాదు, కాని నిజమూ కాదు.

"ఇప్పుడన్నా మనసు సల్లవడ్డదా?" అని అడిగాను.

"ఎందుకు వడుతది? ఆయనే పాయె. ఇగ ఎవని మీద తీసుకోవాలె?" అన్నాడు. కోపంగానే అన్నాడు. దొర గారు చనిపోవడం కూడా తనకు చేసిన అన్యాయమే అన్నట్లు అన్నాడు.

శ్రీరాంపూర్ థియేటరును ఇప్పుడు గని నుండి విరమించిన హనుమంతు కౌలుకు తీసుకున్నాడు. అదే కథను మరల తీసిన చిత్రం వచ్చే వేసవికి అక్కడికి వస్తోంది. ఈసారి తెలుగు మాటలతోనే వస్తున్నది గనుక కథ చెప్పే మనిషి అక్కరలేదు. ఆపరేటరు మాత్రం కావాలి. లైసెన్సు ఉంటే పర్శరాములుకే ఆ పని ఇస్తానని హనుమంతు వ్రాసి ఇచ్చిన కాగితం దీనితో జతపరిచాను.

కావున విన్నవించుకునేది ఏమనగా: తొమ్మిదవ సాక్షిగా నేనిచ్చిన వాంగ్మూలాన్ని ఉపసంహరించుకుంటున్నాను. సదరు చిత్రం పంపిణీదారుల నుండి రీళ్ల వివరం తెప్పించుకుని పరిశీలించి, డెబ్బై ఎనిమిదిలో ప్రదర్శించిన ఆఖరి రీలు ఆ చిత్రానిదేనని ధ్రువపరచి, ఆవునూరి పర్శరాములు ఆపరేటరు లైసెన్సును పునరుద్ధరించవలెనని అతని తరఫున సవినయంగా కోరుతున్నాను. డేరాలో రీలు దాచిన తప్పుకు తమరు ఏ దండన విధించినా అతడు అనుభవిస్తాడు. అందుకు అతడు చింతిస్తున్నాడని మాత్రం నేను వ్రాయలేను.

అతడు స్వయంగా చేర్చమన్న కోరిక మరొకటి ఉంది. కొండెంగ ప్రతిసారీ చచ్చిపోతుందనీ, డేరాలో మాత్రమే పర్శరాములు దానిని చావనివ్వలేదనీ ఉత్తర్వులో ఒక వాక్యం ఉండాలట. ఆ ఉత్తర్వు నకలు ఒకటి కీర్తిశేషులు మధుసూదన్‌రావు గారి పేరిట, కరీంనగర్‌లోని ఇంటి చిరునామాకు, రిజిస్టర్డు తపాలాలో పంపాలట. ఇటువంటి కోరిక నియమాలలో ఇముడుతుందో లేదో తమరి చిత్తం. ఇమిడే పక్షంలో, ఆ నకలును శుద్ధప్రతి తీయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

మాడిశెట్టి నర్సింగం
విశ్రాంత నకలు గుమాస్తా, లక్సెట్టిపేట